చప్పుడు చేయని మాత్రలు

అతన్ని అందరూ దూది అనే పిలిచేవాళ్ళు. ఆ పేరు పెట్టింది అక్క. చిన్నప్పుడు ఎవరు గద్దించినా ముద్దలా కూలబడేవాడని, గట్టిగా పట్టుకుంటే నలిగిపోయేలా ఉంటాడని అలా పిలవడం మొదలుపెట్టింది. పెద్దయ్యాక సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ కుట్టే పనిలో చేరి, సాయంత్రానికి జుట్టు నిండా, కనుబొమల నిండా పీచు అంటించుకుని ఇంటికి రావడంతో ఆ పేరు అతనికి అతికినట్టు సరిపోయింది. అసలు పేరు దుకాణం ఓనరుకి కూడా ఒక్కోసారి గుర్తొచ్చేది కాదు.

దూది అక్కాబావల దగ్గరే ఉండేవాడు. మూడో అంతస్తులో ఇల్లు. కింద లాండ్రీ ఉండడంతో ఇస్త్రీ ఆవిరి వాసన మెట్లెక్కి వాళ్ళింటి దాకా వచ్చేది. వెనకవైపు గది అతనిది. బట్టలు ఆరేసే బాల్కనీకి దారి ఆ గదిలోంచే. తలుపుకి గడియ ఉండేది గానీ, బకెట్టు పట్టుకుని అక్క ఏ వేళప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి అది ఉన్నా లేనట్టే. అక్క ఒక పళ్ళ డాక్టరు దగ్గర పేషెంట్లని వరసలో లోపలికి పంపే పని చేసేది. ఆ ఉద్యోగం పుణ్యమా అని ఇంట్లో ఎవరు తుమ్మినా ముందు వైద్యం ఆమెదే.

దూదికి ఇష్టమయ్యేది మగవాళ్ళే. ఆ సంగతి అక్కకి తెలుసని అతనికి తెలుసు. అతనికి తెలుసన్న సంగతి అక్కకీ తెలుసు. పెళ్ళి మాట ఎత్తడం ఆమె ఒక ఏడాది ఉన్నట్టుండి మానేసింది. బావ మాత్రం ఎవరొచ్చినా "మావాడికి సోఫాలతోనే పెళ్ళయిపోయింది" అని జోకు వేసి, తనే నవ్వి, మళ్ళీ టీవీలో పడిపోయేవాడు. అంతకు మించి ఆ ఇంట్లో దాని గురించి ఎవరూ నోరు మెదపలేదు.

మాత్రల సంగతి మొదట చెవిన వేసింది సెలూన్ నడిపే స్నేహితుడు. అతనికి హెచ్ఐవి ఉందని ఏనాడో తేలింది. రోజూ మందు వేసుకుంటూ, కత్తెర ఆడిస్తూ, నిక్షేపంలా ఉన్నాడు. ఒకరోజు దూదికి జుట్టు కత్తిరిస్తూ అద్దంలోంచి అతని మొహంలోకి చూశాడు.

"నేను వేసుకునేది వచ్చాక వేసుకునే మందు. నువ్వు వేసుకోవాల్సింది రాకుండా వేసుకునే మందు. అప్పట్లో నాకు చెప్పే దిక్కు లేదు. నీకు నేను చెప్తున్నా. వెళ్ళకపోయావో, ఈసారి సగం తల గీసి వదిలేస్తా."

దూది వెళ్ళాడు. ఆరోగ్య కేంద్రానికి పక్కగా ఒక తలుపు, లోపల మెట్లు, పైన ఒక గది. అక్కడి నర్సమ్మ గొంతు పెద్దది, మాట సూటి. వచ్చినవాళ్ళు సిగ్గుతో నేల చూపులు చూస్తుంటే పట్టించుకోకుండా తన ప్రశ్నలు తను అడిగేది. రక్తం తీసుకుంది. అన్నీ బాగున్నాయని తేలాక నీలం రంగు మాత్రల డబ్బా చేతిలో పెట్టింది.

"ఇది రోజూ వేసుకుంటే హెచ్ఐవి అంటకుండా కాపాడుతుంది. మిగతా సుఖరోగాల్ని ఇది ఆపదు. అందుకే మూడు నెలలకోసారి నాకు మొహం చూపించాలి. రోజూ ఎప్పుడు వేసుకుంటావ్?"

"గుర్తొచ్చినప్పుడు వేసుకుంటానండీ."

"అలా అన్నవాళ్ళకి ఎప్పుడూ గుర్తు రాదు నాయనా. నువ్వు రోజూ మానకుండా చేసే పని ఏదో ఒకటి చెప్పు. దీన్ని దానికి ముడేద్దాం."

దూది కాసేపు ఆలోచించి, "దుకాణంలోకి వెళ్ళగానే టీ తాగుతా," అన్నాడు.

"అయితే టీతోనే. సెలవు రోజుకి ఒకటి జేబులో వేసుకెళ్ళు."

మొదటి కొన్ని రోజులు కడుపులో తిప్పినట్టుండేది. వాష్ బేసిన్ మీద వంగి ఉంటే చూసి ఓనరు, "ఏరా దూదీ, వేవిళ్ళా?" అన్నాడు. అందరితోపాటు తనూ నవ్వేశాడు. వారం తిరిగేసరికి వికారం తగ్గింది. డబ్బాని దారాల సొరుగులో పెట్టుకున్నాడు. సొరుగు లాగినప్పుడల్లా మాత్రలు గలగలమనేవి. ఎవరైనా అడిగితే ఏం బుకాయించాలా అని బెంగపడి, ఒకనాడు సోఫాలో కూరే తెల్లటి పీచు కొంచెం తీసి డబ్బాలో కుక్కాడు. ఆ తర్వాత ఎంత ఊపినా చప్పుడు లేదు. ఆ ఉపాయానికి తన భుజం తనే తట్టుకున్నాడు.

ఈత మాస్టారు పరిచయమైంది ఆ రోజుల్లోనే. ఊళ్ళోని ఈతకొలను దగ్గర పిల్లల కోసం వచ్చే పెద్దవాళ్ళు కూర్చునే బెంచీలు చిరిగిపోతే, కొత్త రెగ్జిన్ వేయడానికి దూదిని పంపించారు. మెడలో ఈల, భుజాన తువ్వాలు, నీళ్ళలో నాని నాని ముడతలు పడిన వేళ్ళు, ఎప్పుడూ నవ్వడానికి సిద్ధంగా ఉండే మొహం. అదీ మాస్టారు. బెంచీల పని రెండు రోజుల్లో అయ్యేదే. దూది దాన్ని వారం సాగదీశాడు. చివరి రోజున మాస్టారే దగ్గరికొచ్చి, "ఇంకో బెంచీ చింపమంటావా?" అని అడిగాడు.

అలా మొదలైంది. మోటార్ల గది పైన మాస్టారికి ఇచ్చిన గదిలో ఆదివారాలు గడిచేవి. కొలనుకి సెలవు కాబట్టి చుట్టుపక్కల ఎవరూ ఉండేవాళ్ళు కాదు. మాస్టారు అతనికి నీళ్ళ మీద వెల్లకిలా తేలడం నేర్పాడు. నడుం కింద అరచెయ్యి ఆనించి, "బిగుసుకోకు. నేను పట్టుకున్నాగా," అనేవాడు. ముప్పై దాటిన దూది పసివాడిలా నవ్వేవాడు. మాత్రల సంగతి అతను మొదట్లోనే చెప్పేశాడు. డబ్బాలో పీచు కుక్కిన ఉపాయం కూడా గొప్పగా చెప్పుకున్నాడు. మాస్టారు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాడు.

దూదికి ఆ రోజుల్లో లోకం మీద ఏ ఫిర్యాదూ లేదు.

అంతలో దుకాణం పైకప్పు కారుతోందని ఓనరు కొన్నాళ్ళు మూసేశాడు. దూది డబ్బాని ఇంటికి తెచ్చుకుని దిండు గలీబులో దాచాడు. ఆ వారమే అక్క గలీబులు ఉతికింది. ఆ రోజు అతను ఇంటికొచ్చేసరికి దిండుకి కొత్త గలీబు ఉంది, డబ్బా దాని లోపలే ఉంది. అక్క ఏమీ అనలేదు. కానీ మర్నాటి నుంచి అతను నీళ్ళు తాగే గ్లాసు మిగతా వాటితో కలవకుండా అలమర చివర ఒంటరిగా కనిపించింది. అతని తువ్వాలు విడిగా ఉతికి విడిగా ఆరేసి ఉంది. బాత్రూంలో సబ్బులు రెండయ్యాయి.

అతనికి అర్థం కాకపోలేదు. అడగాలనుకున్నాడు, మొహం చెల్లలేదు. అక్క కూడా అడగలేదు. టేబుల్ దగ్గర కూర్చుని ఎప్పటిలాగే వడ్డించింది, ఎప్పటిలాగే ఇంకొంచెం తినమంది. ఆ గ్లాసు అందుకున్నప్పుడల్లా తనకి దూది అని పేరు పెట్టిన మనిషే తనని వేలి చివరతో పక్కకి జరిపిందనిపించేది.

ఆ బాధంతా ఆదివారం మాస్టారి ముందు కక్కాడు. చెప్పడం అయ్యాక జేబులోంచి మాత్ర తీసి నీళ్ళ కోసం చూశాడు. మాస్టారు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంత జరిగాక కూడా ఇది కావాలా?"

"రోజూ వేసుకునేదేగా."

"నువ్వు నా ముందు కూర్చుని ఇది మింగినప్పుడల్లా నాకేమనిపిస్తుందో తెలుసా? గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడిలా ఉంటావు. లోపలికి రానంటావు. నీకు నేనున్నాను, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. మరి ఇది ఎవరి నుంచి కాపాడుతోంది నిన్ను?"

దూది అరచేతిలోని మాత్ర వంక చూశాడు.

"నన్ను నమ్ముతున్నావా లేదా? అది చెప్పు చాలు."

"నమ్ముతున్నా."

"అయితే వదిలెయ్."

దూది వదిలేశాడు. మందు మానేసినట్టు అతనికి అనిపించలేదు. జీవితంలో మొదటిసారి ఎవరో తనని అడిగి, నలుగురూ ఒప్పుకునే బంధం లాంటిదేదో తనతో కలుపుకున్నట్టుంది. డబ్బా ఇంట్లో లేకపోతే అక్క మనసు కూడా కుదుటపడుతుందని ఇంకో ఆశ. దుకాణం మళ్ళీ తెరిచాక మిగిలిన మాత్రల్ని దాని వెనక చెత్తలో వేసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

రమ్మన్న రోజుకి రాలేదని నర్సమ్మ ఫోన్ చేసింది.

"ఇక అవసరం లేదండీ. ఇప్పుడు ఒక్కరితోనే ఉంటున్నా," అన్నాడు దూది.

"సంతోషం. అవసరం లేనప్పుడు ఆపడం తప్పు కాదు. కానీ ఇద్దరూ కలిసొచ్చి పరీక్ష చేయించుకుని, అప్పుడు ఆపితే నాకు నిద్ర పడుతుంది. అతన్ని తీసుకురా ఒకసారి."

మాస్టారితో చెబితే నవ్వేసి, "రక్తం చూపిస్తేగానీ నమ్మవా?" అన్నాడు. దూది సిగ్గుపడి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎండలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో అతని అరచేతుల మీద రాగిరంగు మచ్చలు తేలాయి. దుకాణంలో అప్పుడే కొత్త రకం జిగురు వాడుతున్నారు. అందరూ దాని పనేనన్నారు. ఓనరు కంగారుపడి పాత జిగురే తెప్పించాడు, చేతికి తొడుగులు ఇచ్చాడు. మచ్చలు కదల్లేదు. అక్క దూరం నుంచే చూసి, "చర్మం డాక్టరుకి చూపించు," అంది. ఆ దూరం చూశాక అతనికి ఇంకే డాక్టరు ముందూ చేతులు చాపబుద్ధి కాలేదు. తిట్టినా సరేననుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆమె తిట్టలేదు. అరచేతులు వెలుతురులో పెట్టి చూసింది.

"దురదగా ఉందా?"

"లేదండీ."

"మేజోళ్ళు విప్పు."

అరికాళ్ళలోనూ అవే మచ్చలు. అతను అప్పటిదాకా చూసుకోనే లేదు.

"ఇది జిగురు కాదు," అంది నర్సమ్మ.

రక్తం తీసి, ఫలితం చూసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సిఫిలిస్. ఇంజెక్షన్ ఇస్తే పూర్తిగా పోతుంది, దానికి భయపడకు. హెచ్ఐవి లేదని వచ్చింది. కానీ ఈ మధ్యనే అంటుకుని ఉంటే ఇప్పుడే బయటపడకపోవచ్చు. కొన్ని వారాలాగి మళ్ళీ చూద్దాం. ఈ నెలల్లో ఎవరెవరితో ఉన్నావో వాళ్ళకీ చెప్పాలి నాయనా."

"ఒక్కడే," అన్నాడు దూది.

ఇన్నాళ్ళూ లోపల్లోపల గర్వంగా దాచుకున్న మాట అది. బయటికొచ్చాక తన చెవులతో తనే విన్నాడు. విప్పిన మేజోళ్ళు మెల్లగా తొడుక్కున్నాడు.

"గ్లాసులవల్ల గానీ, తువ్వాళ్ళవల్ల గానీ వస్తుందా?" అడిగాడు చివరికి. వస్తుందని చెబితే బాగుండునన్నట్టుంది ఆ అడగడం.

"రాదు," అంది నర్సమ్మ మెల్లగా.

ఇంజెక్షన్ పొడిచిన చోట సలుపుతుంటే నడుచుకుంటూ ఈతకొలనుకి వెళ్ళాడు. పిల్లల క్లాసు జరుగుతోంది. మాస్టారు నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కళ్ళ చేతా కాళ్ళాడిస్తున్నాడు. దూదిని చూడగానే మొహం విప్పారింది.

"సమయానికొచ్చావ్. బెంచీ మీద నా బ్యాగుంది చూడు, అందులో ఈల ఉంటుంది, కాస్త ఇటు విసురు."

దూది బ్యాగులో చెయ్యి పెట్టాడు. తడి తువ్వాలు, దువ్వెన, ఆ కింద గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. ఆ ఆకారం అతని చేతికి బాగా అలవాటు. బయటికి తీసి ఊపాడు. చప్పుడు రాలేదు. మూత తిప్పితే పైన తెల్లటి పీచు. ఆ ఆదివారాల్లో అతని చొక్కాకి అంటుకొచ్చి, మాస్టారు నవ్వుతూ ఏరి పక్కన పెట్టే పీచు. దాని కింద నీలం మాత్రలు, సగం దాకా అయిపోయాయి.

డబ్బా మూసి ఎక్కడిదక్కడ పెట్టాడు. ఈల వెతికి విసిరాడు. పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయేదాకా, తనే కుట్టిన బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

పైన గదిలోకి వెళ్ళాక మాస్టారు తలుపు వేశాడు. దూది మాత్రం గుమ్మం దగ్గరే ఆగాడు.

"నాకు సిఫిలిస్ ఉందన్నారు. నీకూ ఉంటుంది. వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకో."

మాస్టారి మొహంలో రంగు పోయింది. "నాకెందుకుంటుంది? నీకు ఎక్కణ్ణుంచి..." అని మొదలుపెట్టి, దూది చూపు బ్యాగు మీద ఉండడం చూసి ఆగిపోయాడు.

"ఎప్పట్నుంచి వేసుకుంటున్నావ్?"

"చాన్నాళ్ళయింది."

"నన్ను మానమన్నప్పుడు కూడానా?"

మాస్టారు మంచం మీద కూర్చున్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "అప్పుడప్పుడూ ఎవరో ఒకరు. అదేం లెక్కలోది కాదు. నాకు మనిషంటే నువ్వే. నా మూలంగా నీకేమన్నా వస్తుందేమోననే నేను వేసుకుంటున్నా. నా వైపు నుంచి జాగ్రత్తగానే ఉన్నా."

"నా జాగ్రత్త నా జేబులో ఉండేది. చెయ్యి పట్టుకుని మరీ పారేయించావు."

"నువ్వు ప్రతి ఆదివారం నా ముందు అది మింగుతుంటే... నేను చేసేదంతా నీకు తెలిసిపోయినట్టుండేది. చూడలేకపోయాను."

దూది ఇందుకు సిద్ధపడి రాలేదు. అబద్ధం చెబుతాడనుకున్నాడు, కోప్పడతాడనుకున్నాడు. ఇతను నిజమే చెప్పాడు, ఆ నిజం అబద్ధం కంటే అన్యాయంగా ఉంది. ఇతను మరొకరి దగ్గరికి వెళ్ళడం వల్ల కలిగిన బాధ ఒకటైతే, తన గుండెల్లో ఉన్న నమ్మకాన్ని ఎక్కడ నొక్కితే లొంగుతుందో చూసి నొక్కడం మరొకటి. మొదటిదాన్ని ఎన్నడైనా క్షమించగలనేమో అనుకున్నాడు.

"పీచు కుక్కడం కూడా నా దగ్గరే నేర్చుకున్నావు," అన్నాడు. తలుపు తీసుకుని మెట్లు దిగాడు. వెనక నుంచి పిలుపు వినిపించింది గానీ తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క వంటింట్లో ఉంది. అతను అలమర దగ్గరికి వెళ్ళి, చివర ఉన్న గ్లాసు తీసి ఆమె ముందు పెట్టాడు.

"దీన్ని ఎందుకు వేరుపెట్టావక్కా?"

అక్క చేతిలో గరిట ఆగింది. బుకాయించడానికి చూసి, అతని మొహం చూశాక మానుకుంది.

"ఆ మందు పేరు ఫోన్లో కొట్టి చూశాను. ఆ జబ్బుకి వాడతారని ఉంది. ఇంట్లో మీ బావ ఉన్నాడు, నేనున్నాను. నాకు భయమేసింది."

"అది జబ్బుకి కాదు. జబ్బు రాకుండా వేసుకునేది. ఒకవేళ నాకు జబ్బే ఉన్నా గ్లాసుల వల్ల రాదు. పళ్ళ డాక్టరు దగ్గర ఇన్నేళ్ళుగా ఉన్నావు, ఆయన్నడిగినా చెప్పేవాడు."

"ఎలా అడగను? మా తమ్ముడికి అని చెప్పి అడగనా?"

"నన్నడగొచ్చుగా."

"నువ్వు చెప్పావా?" అంది అక్క. "దిండులో దాచుకున్నావు. నా దగ్గర దాచాల్సిన గతి పట్టిందంటే పెద్దదే అనుకున్నాను. పోతావేమోనని రోజూ ఏడ్చాను, తెలుసా?"

"ఏడుస్తూనే సబ్బు వేరు చేశావు," అన్నాడు దూది.

అతను మానేసిన సంగతి, ఎవరి మాట విని మానేశాడో, ఇప్పుడు ఏం తేలిందో అంతా అప్పుడే చెప్పేశాడు. దాచే ఓపిక పోయింది. అక్క అక్కడే నేల మీద చతికిలబడి మొత్తం విన్నది. విన్నాక గ్లాసు తీసుకెళ్ళి మిగతా వాటి మధ్యలో పెట్టింది. అది చూసి అతనికి ఊరట కలగాలి. కలగలేదు. ఇన్ని నెలలు అది అవతల ఉందన్న సంగతి ఎక్కడికీ పోలేదు.

రెండో పరీక్ష దాకా ఉన్న వారాలు ఎలా గడిచాయో అతనికే తెలియదు. కుట్టిన కుట్టే విప్పి మళ్ళీ కుట్టేవాడు. సెలూన్ స్నేహితుడు సాయంత్రాలు వచ్చి పక్కన కూర్చుని, "వస్తే ఏమవుతుంది? నాలా అందంగా తయారవుతావు," అని నవ్వించాలని చూసేవాడు. మాస్టారు ఫోన్లు చేశాడు. ఒకసారి ఎత్తితే, ఇంజెక్షన్ చేయించుకున్నాననీ, ఇకమీదట ఎవరి దగ్గరికీ వెళ్ళననీ చెప్పాడు. "నన్ను నమ్ము," అన్నాడు. ఆ మాట వినగానే దూది ఫోన్ పెట్టేశాడు.

పరీక్షలో ఏమీ లేదని తేలింది. నర్సమ్మ కాగితం చూపించి, అతను మొహం కప్పుకుని ఏడుస్తుంటే మంచినీళ్ళ సీసా దగ్గరికి జరిపి తన పని తను చేసుకుంది. తేరుకున్నాక కొత్త డబ్బా ఇచ్చింది.

"ఇప్పుడు ఎవరూ లేరండీ," అన్నాడు దూది.

"వచ్చేవాళ్ళు ముందు చెప్పి రారుగా. వేసుకుంటావా వద్దా అన్నది నీ ఇష్టం. కానీ ఈసారి ఎవరన్నా వద్దంటే, మానే ముందు నాకొక్క ఫోన్ కొట్టు."

అతను దుకాణానికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. సామాను మోస్తూ బావ, "మాతో ఏం తక్కువైందిరా?" అని ఒకటే సణుగుడు. అక్క మాత్రం అడగలేదు. కొత్త గదిలో దూది డబ్బాని కిటికీ పక్కన బల్ల మీద పెట్టాడు, పీచు లేకుండా. పనిరోజుల్లో టీతో ఇబ్బంది లేదు. ఆదివారాలే కష్టమయ్యేవి. ఆ రోజు పొద్దున్నే లేవబుద్ధి కాదు, లేచాక ఎక్కడికి వెళ్ళాలో తెలియదు, మాత్ర తీసినప్పుడు ఎవరిదో చెయ్యి వచ్చి పట్టుకున్నట్టుంటుంది. రెండుమూడుసార్లు మానేశాడు కూడా. ఆ సంగతి అక్కతో మాటల్లో ఎప్పుడో అన్నాడు.

ఆ తర్వాత నుంచి అక్క ఆదివారం పొద్దున ఫోన్ చేస్తోంది. ముందు వాషింగ్ మిషన్ కారుతోందనో, బావ నడుం పట్టేసిందనో ఏదో ఒకటి చెబుతుంది. అక్కని అతను పూర్తిగా క్షమించాడని చెప్పలేం. ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు నీళ్ళిస్తే ఇప్పటికీ ముందు గ్లాసు వంక చూస్తాడు. చూశాడని ఆమెకీ తెలుస్తుంది.

మొన్న ఆదివారం కూడా ఫోన్ చేసింది. కింద లాండ్రీవాళ్ళు మారిపోతున్నారని చాలాసేపు చెప్పింది. చెప్పి, చివరికి "వేసుకున్నావా?" అంది.

అతను ఇంకా మంచం దిగలేదు.

"లేదక్కా. ఉండు," అని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నీళ్ళ కోసం లేచాడు.